దుబాసీ తినేదాకా

"ఆ అమ్మాయి తినేదాకా ఈ ఇంట్లో ఎవరూ నోరు విప్పడానికి వీల్లేదు" అంది మార్లిస్, గరిటె పైకెత్తి.

అన్నది పనివాళ్ళతో కాదు. యూనివర్సిటీ వైస్ ప్రెసిడెంట్ కర్ట్ లోఫ్‌గ్రెన్‌తో. అదీ కొరియా నుంచి వచ్చిన పెద్దమనుషులందరూ బల్ల చుట్టూ కూర్చుని చూస్తుండగా.

కర్ట్‌కి ఆ ఉద్యోగం అప్పటికి కొత్త. పై దేశాల నుంచి వచ్చే బృందాల మంచీచెడ్డా చూడటం అతని పని. స్వాగతం చెబుదామని గ్లాసు పట్టుకుని లేచాడు. అతను ఒక మాట చెప్పడం, కొరియా పెద్దాయన వెనక స్టూలు మీద కూర్చున్న దుబాసీ పిల్ల దాన్ని వాళ్ళ భాషలోకి తిప్పడం. పెద్దాయన రెండు మాటలు చెప్పడం, ఆ పిల్ల మళ్ళీ ఇటు తిప్పడం. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు తింటున్నారు. ఇద్దరి మాటలూ మోస్తున్న పిల్ల ముందు మాత్రం కంచమే లేదు. అప్పుడే ఓవెన్లోంచి దించిన హాట్‌డిష్ అనే మాంసం కూర మీద ఆలుగడ్డ ముక్కలు చిటపటమంటున్నాయి. ఆ పిల్ల గుటకలు మింగుతూ, రెండు విశ్వవిద్యాలయాల చిరకాల మైత్రి గురించి చెబుతోంది.

"మార్లిస్ గారూ, ఆవిడ డ్యూటీలో ఉన్నారు" అన్నాడు కర్ట్, మొహం మీద నవ్వు చెదరనివ్వకుండా. "తరవాత తింటారు."

"తరవాతంటే ఎప్పుడు? గిన్నెలు కడిగేశాకా?"

"అన్నిచోట్లా ఇదే పద్ధతండీ. దుబాసీలు వెనకే కూర్చుంటారు."

"అయితే ఆ అన్నిచోట్లకీ పో. ఇది నా చోటు."

"అంటే, యూనివర్సిటీ చోటు..."

"కర్టూ! చర్చిలో ఆదివారం బడికి వచ్చేటప్పుడు నీకు అయిదు రొట్టెలూ రెండు చేపల కథ ఎవరు చెప్పార్రా?"

వైస్ ప్రెసిడెంట్ గారి చెవులు ఎర్రబడ్డాయి. "మీరే."

"జనం ఆకలితో ఉంటే ప్రభువు ఏం చేశాడు?"

"ముందు ప్రసంగమే చేశాడు మార్లిస్ గారూ. రొట్టెలు ఆ తరవాతే."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ నాకు నవ్వు ఆగలేదు. కుర్రాడు పాఠం బాగానే గుర్తుపెట్టుకున్నాడు. ఇక ఈవిడ ఏమంటుందో చూద్దామనుకున్నాను.

"చేశాడు. ఆయనకి దుబాసీతో పనిలేదు గనక చేశాడు. నీకుంది. కూర్చో."

కూర్చున్నాడు. మార్లిస్ ఆ స్టూలును ముందుకు లాగి, కొరియా పెద్దాయనను కాస్త జరగమని చేత్తో చూపించి, ఆ పిల్లకి కంచం పెట్టింది. గది నిశ్శబ్దమైపోయింది. చెంచా చప్పుడొక్కటే. అందరూ తనవైపే చూస్తుంటే పాపం ఆ పిల్ల గబగబా కుక్కుకోబోయింది. "మెల్లగా తినమ్మా, కొంప మునిగిపోదు" అంది మార్లిస్. "వీళ్ళు చెప్పుకునేది రేపటికి పాచిపోయే సరుకేం కాదు." ఆ మాట ఆ పిల్లకు అర్థమై, నోట్లో ముద్ద ఉండగానే నవ్వేసింది. పెద్దాయనకి ఏం తెలిసిందో గాని, తన కంచంలో రొట్టె తీసి ఆ పిల్ల కంచంలో పెట్టాడు.

అప్పటినుంచి అది ఆ ఇంటి చట్టమైంది. ఏ దేశంవాళ్ళు వచ్చినా ముందు దుబాసీకి వడ్డన. దుబాసీ చెయ్యి కడిగాకే మాటలు. నాకూ ఆ మనిషంటే గురి కుదిరింది ఆరోజే. అంతకు ముందు లేదు. నేను సూపులో మిరియాలు ఎక్కువ వేస్తానని నలుగురిలో అన్న మనిషి ఆవిడ. మిరియం గింజ కనబడితే నీళ్ళగ్లాసు వెతుక్కునే ఊరు అది. వాళ్ళ నాలుకలకి నేనా జవాబుదారీ?

మిన్నెసోటాలో ఉత్తరం కొసన ఉంటుంది మా లిండ్‌బీ. చక్కెర దుంపల ఊరు. మా ఆయన చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసి ఇక్కడి మట్టిలోనే కలిశాడు. నేను యూనివర్సిటీ గెస్ట్ హౌసులో వంటకి కుదిరాను. మార్లిస్ తోల్లెఫ్‌సన్ ఆ ఇంటి యజమానురాలు. అంటే జీతగత్తె. కానీ ఆవిడ నడక చూసినవాళ్ళెవరూ జీతగత్తె అనుకోరు. దుంపల పొలంలో పుట్టి, దుంపల రైతుని కట్టుకుని, అతను పోయాక పొలం అమ్మేసి, తల్లిగారి తిండిబల్లని మాత్రం లారీలో వేసుకుని ఆ ఇంటికొచ్చింది. ఓక్ చెక్క బల్ల. దుంపలు తవ్వే రోజుల్లో కూలీలందరూ కూర్చుని తిన్న బల్ల. వచ్చిన బృందాలన్నీ దాని చుట్టూ కూర్చోవలసిందే.

గొప్ప గొప్పవాళ్ళు వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళందరూ గాజు పలకలూ, వెండి ఓడలూ, లక్క గిన్నెలూ పట్టుకొచ్చి కర్ట్ చేతికిస్తే ఫొటోలు తీసేవాళ్ళు. ఫొటో అయ్యాక అవి మా నెత్తిన పడేవి. ఎవరో మంత్రిగారిచ్చిన స్ఫటికపు గద్దని మార్లిస్ నేలమాళిగ తలుపుకి అడ్డం పెట్టింది. లక్క గిన్నెలో ఆలుగడ్డ తొక్కలు వేసేది. "వస్తువు పనిచెయ్యాలి. పనిచెయ్యనిదానికి దుమ్ము దులిపే ఓపిక నాకు లేదు" అనేది. కర్ట్ విని కళ్ళు మూసుకునేవాడు.

ఆ ఊరివాళ్ళకి ఒక మర్యాద ఉంది. ఏది పెట్టినా మొదటిసారి వద్దనాలి. రెండోసారి "అబ్బే, మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే, "సరే, మీరు అంతగా అంటున్నారు గనక" అని తీసుకోవాలి. మూడోసారి అడిగాక కాదనడం మొహం మీద తలుపు వెయ్యడమే. ఒకసారి డచ్చివాళ్ళు వచ్చారు. కాఫీ కావాలా అని మార్లిస్ అడిగీ అడగక ముందే ఒకాయన ఊఁ అనేశాడు. ఆవిడ వంటింట్లోకొచ్చి, గుండె మీద చెయ్యి వేసుకుని, "ఊఫ్‌దా! మొదటిసారికే ఊఁ అన్నాడే! తల్లి లేని పిల్లాడేమో" అంది. వారం రోజులు చెప్పుకుంది ఆ మాట. ఈ వద్దనే విద్య నాకు ఒకరు నేర్పాలా? పుట్టింటినుంచి తెచ్చుకున్నదే. అందుకే ఇద్దరికీ కుదిరింది. "కూర్చుని కేకు తిను" అని ఆవిడ, "నాకెందుకమ్మా" అని నేను. మూడోసారికి ఇద్దరం కూర్చునేవాళ్ళం.

ఇంకొక ఆచారం ఆవిడ పెట్టిందే. ఏ దేశం బృందం వస్తే ఆ దేశం నుంచి వచ్చి మా దగ్గర చదువుకునే పిల్లలందరికీ ఆ సాయంత్రం అక్కడే భోజనం. సొంత భాష చెవినపడి ఎన్నాళ్ళైందో, ఒక్క పూట వినిపిద్దామని. పెద్దవాళ్ళు ఒప్పందాలు మాట్లాడుకుంటుంటే పిల్లలు అవతల కొసన ఊరి కబుర్లు అడిగేవాళ్ళు. ఎవరి తల్లో పంపిన పచ్చడి సీసా ఏ ప్రొఫెసరు గారి సంచిలోంచో బయటికొచ్చేది. ఒప్పందాల సంగతి నాకు తెలియదు గాని, ఆ సీసాలు మాత్రం నిజం.

గొడవ వచ్చింది అక్కడే.

ఆ దేశం పేరు రాయను. ఆ పిల్ల పేరూ రాయను. వాళ్ళ అమ్మానాన్నా ఇంకా అక్కడే ఉన్నారు. మట్టి మీద పరిశోధన చెయ్యడానికి వచ్చిన పిల్ల. బక్కగా, పొడుగ్గా, జుట్టు కత్తిరించుకుని ఉండేది. వాళ్ళ దేశంలో కొందరు పంతుళ్ళని జైల్లో పెట్టారని, మా లైబ్రరీ మెట్ల మీద నిలబడి ఒకసారి గట్టిగా మాట్లాడింది. అంతే ఆ పిల్ల చేసింది. చుట్టూ నిలబడి విన్నవాళ్ళు సగం మంది చలికి తొందరగా వెళ్ళిపోయారట కూడా.

మార్చి నెలలో ఆ దేశం నుంచి బృందం వస్తుందన్నారు. రెండు రోజుల ముందు కర్ట్ వంటింటి దారిన వచ్చాడు. వైస్ ప్రెసిడెంట్లు ముందు తలుపున వస్తారు. వెనక తలుపున వచ్చాడంటేనే నాకు అనుమానం తగిలింది.

మార్లిస్ రూబార్బ్ కేకు ముందు పెట్టింది. రూబార్బ్ అంటే మన గోంగూరలాగా పుల్లటి కాడలు. వద్దన్నాడు. మళ్ళీ అడిగింది. శ్రమ ఎందుకన్నాడు. మూడోసారికి తీసుకుని, తినకుండా కెలుకుతూ కూర్చున్నాడు.

"చెప్పు నాయనా" అంది మార్లిస్.

"ఈసారి భోజనానికి ఆ అమ్మాయిని పిలవొద్దు."

"ఏ అమ్మాయిని?"

"మీకు తెలుసు. వాళ్ళ మనిషొకడు ముందుగా వచ్చాడు. ఆ అమ్మాయి బల్ల దగ్గర ఉంటే వాళ్ళ పెద్దాయన కూర్చోడని చెప్పాడు. మిగతా పిల్లలు రావచ్చు. ఆ ఒక్కతే."

"ఆ ఒక్కతే" అంది మార్లిస్, ఆ మాటని నాలుక మీద పెట్టి రుచి చూసినట్టు.

"మరుసటి రోజు నేనే ఆమెని బయటికి భోజనానికి తీసుకెళ్తాను. విడిగా. మంచి చోటికే."

"విడిగా పెట్టే కంచం కుక్కకి పెడతారు."

"మార్లిస్ గారూ, మీకు తెలియదు. ఎన్నాళ్ళ నుంచి తిరుగుతున్నానో ఈ ఒప్పందం కోసం. ఒక్క కుర్చీ కోసం అంతా పోగొట్టుకోమంటారా?"

"ఒక్క కుర్చీయేగా. వాళ్ళనే పోగొట్టుకోమను."

కర్ట్ చెంచా కింద పెట్టాడు. ఆ ఊరి మగవాళ్ళకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. గొణిగినట్టు అన్నాడు: "ఇది నా మాట కాదు. పైనుంచి వచ్చిన ఉత్తరువు. మీరు ఆమెని కూర్చోబెడితే మీ ఉద్యోగం నేను కాపాడలేను. ఈ ఇల్లు కూడా. ముందే చెబుతున్నాను."

"చెప్పావుగా. కేకు తిను."

తినకుండానే వెళ్ళాడు. అంతకన్నా పెద్ద తిట్టు ఆ ఊళ్ళో లేదు.

ఆ సాయంత్రమే మార్లిస్ ఆ పిల్లని పిలిపించింది. వంటింట్లోనే కూర్చోబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. పిల్ల మొహం పాలిపోయింది గాని ఏడవలేదు.

"నీకు ఆ కుర్చీ కావాలా వద్దా, నువ్వే చెప్పాలి" అంది మార్లిస్. "నీ తరఫున నేను పంతాలు పోను. అక్కడ మీవాళ్ళకి ఏమన్నా అవుతుందంటే ఇప్పుడే చెప్పు."

"అవ్వాల్సింది అయిపోయిందండీ. నాన్న ఉద్యోగం అప్పుడే పీకేశారు" అంది ఆ పిల్ల. "నేను రాకపోతే సిగ్గుపడి దాక్కుందని చెప్పుకుంటారు. మా అమ్మ చెవిన పడేది కూడా అదే. కూర్చుని తింది అని చెప్పుకోనివ్వండి."

"అన్నం తినడానికి భయం లేదుగా?"

"మీ జెల్లీ సలాడంటే కొంచెం భయం."

మార్లిస్ పెద్దగా నవ్వింది. ఆకుపచ్చ జెల్లీలో క్యారెట్ తురుము వేసి, వణుకుతుంటే దాన్ని సలాడ్ అంటారు వాళ్ళు. నేనేమీ అనను.

ఆ పిల్ల వెళ్ళాక నేను అడిగాను: "ఏమమ్మా, ఇల్లు పోతే ఎక్కడుంటావు?"

"నువ్వేం చేస్తావో చెప్పు. నిన్నూ పొమ్మంటారేమో."

"నన్ను పొమ్మనడానికి వాళ్ళెవరు? నేనే పోతాను" అన్నాను.

భోజనాల రోజు మంచు కుండపోతగా పడింది. అక్కడ శీతాకాలంలో ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోనే బూట్లు విప్పాలి, రాజైనా సరే. మంచుకి తడిసిన బూట్లని కింద నేలమాళిగలో, ఇల్లు వేడిచేసే కొలిమి పక్కన ఆరబెట్టడం నా పని. పెద్దాయన తళతళలాడే తోలు బూట్లతో దిగాడు, ఆ మంచులో! విప్పడానికి మొహం ముడుచుకున్నాడు. విప్పాడు. నేను అందరివీ బుట్టలో వేసుకుని కిందికి పట్టుకుపోయాను. వాళ్ళ దుబాసీ ముసలాయన. బూడిదరంగు కోటు, పలచటి మేజోళ్ళు, అవీ తడిసిపోయి ఉన్నాయి. మార్లిస్ లోపలికెళ్ళి, చనిపోయిన మొగుడి ఉన్ని మేజోళ్ళు తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన వద్దన్నాడు. మళ్ళీ వద్దన్నాడు. మూడోసారికి తొడుక్కున్నాడు. నేను మార్లిస్ వైపు చూశాను, ఆవిడ నా వైపు చూసింది. మనవాడే అనుకున్నాం.

ఆ పిల్ల అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఉతికిన తెల్ల చొక్కా. వాళ్ళ దేశం పిల్లలు ఇద్దరు ముగ్గురు వచ్చి, ఎక్కడ అంటుకుంటుందో అన్నట్టు అవతల కొసన ఒద్దికగా కూర్చున్నారు. ఆ పిల్లకి అటూ ఇటూ ఖాళీ.

పెద్దాయన గదిలోకి వచ్చాడు, చూశాడు, ఆగిపోయాడు. ఆయన ఆగితే వెనకాల మందంతా ఆగిపోయింది. కర్ట్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మార్లిస్ గారూ..." అన్నాడు.

మార్లిస్ అతని మాట వినలేదు. దుబాసీ ముసలాయన మోచెయ్యి పట్టుకుని తిన్నగా తీసుకెళ్ళి ఆ పిల్ల పక్క కుర్చీలో కూర్చోబెట్టింది. "ఈ ఇంట్లో ముందు దుబాసీకి. ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. కర్ట్‌ని అడగండి" అంది. కంచం నిండా హాట్‌డిష్ వడ్డించింది.

ముసలాయన ఒకసారి వాళ్ళ పెద్దాయన వైపు చూశాడు. ఒకసారి కంచం వైపు చూశాడు. పక్కనున్న పిల్ల వైపు చూడలేదు. ఫోర్కు తీసుకున్నాడు.

పెద్దాయన మొదలుపెట్టాడు. ఏం కోపం, ఏం కోపం! వేలు ఆ పిల్ల వైపు, కర్ట్ వైపు, ఇంటి కప్పు వైపు. వాళ్ళ భాష నాకు రాదు. తిట్లని గుర్తుపట్టడానికి భాష రానక్కర్లేదు గాని, అందులో ఏది బెదిరింపో, ఏది షరతో, ఏది ఒప్పందం రద్దో చెప్పాలంటే మాత్రం దుబాసీ కావాలి. దుబాసీ నోట్లో ఆలుగడ్డ ఉంది. ఆయన నములుతున్నాడు. చెంపల మీద చెయ్యి పెట్టి, నోరు నిండుగా ఉందన్నట్టు సైగ చేసి, ఇంకొంచెం నమిలాడు. ఆ మాటలన్నీ తెలిసిన ఆ పిల్ల, తెలియనట్టే రొట్టెకి వెన్న రాసుకుంటోంది.

కర్ట్‌కి ఏం చెయ్యాలో తోచక, అలవాటుగా తల ఊపాడు. "అవునండీ, తప్పకుండా, అవునండీ" అన్నాడు. ఆ ఊరివాళ్ళకి అది ఊపిరి తీసుకోవడం లాంటిది.

పెద్దాయన ఇంకా గట్టిగా అరిచాడు.

"ఇంకొంచెం వెయ్యనా?" అంది మార్లిస్ దుబాసీతో.

ఆయన వద్దన్నాడు.

"కొంచెమే."

శ్రమెందుకన్నట్టు చెయ్యి ఊపాడు.

"వేస్తాను."

"మీరు అంతగా అంటున్నారు గనక" అన్నాడు ముసలాయన, ఇంగ్లీషులో, చక్కగా. రెండో వడ్డన మొదలైంది.

పెద్దాయన గిర్రున తిరిగి గుమ్మం దగ్గరికి వెళ్ళాడు, వెళ్ళిపోతానన్నట్టు. అక్కడ బూట్లు లేవు. మేజోళ్ళతో నిలబడి అటూ ఇటూ చూశాడు. తలుపు సందులోంచి వచ్చే గాలికే కాళ్ళు మార్చి మార్చి వేస్తున్నాడు. నన్ను చూసి తన పాదాల వైపు వేలు చూపించాడు.

"ఆరుతున్నాయి" అన్నాను నేను, తెలుగులోనే. నాకూ దుబాసీ ఖాళీగా లేడు మరి.

ఎంతసేపు నిలబడగలడు? కడుపులో విమానం తిండి ఎప్పుడో అరిగిపోయి ఉంటుంది. లోపల వేడి, వెన్న వాసన. మందలో ఒకడు మెల్లగా కుర్చీ లాక్కున్నాడు. ఇంకొకడు. చివరికి పెద్దాయన వచ్చి బల్లకి ఆ కొసన, ఆ పిల్లకి ఎంత దూరమైతే అంత దూరాన కూర్చున్నాడు. కూర్చున్నాడుగా! మార్లిస్ ఆయనకి స్వయంగా వడ్డించింది. కోపం లేదు, వెటకారం లేదు. ఏ అతిథికి వడ్డించినట్టో అలాగే. "జెల్లీ?" అని అడిగింది. వద్దన్నాడు. ఆయనని మాత్రం రెండోసారి అడగలేదు.

ఆ తరవాత అవతల కొసనున్న పిల్లల్లో ఒకడు లేచి, తన కంచం పట్టుకుని వచ్చి ఆ పిల్ల రెండో పక్క కూర్చున్నాడు. ఉప్పు అందించాడు.

దుబాసీ ముసలాయన చెయ్యి తుడుచుకునే సరికి కాఫీల వేళైంది. అప్పటికి పెద్దాయన నోట్లో తిట్లు అయిపోయి కేకు ఉంది. దుబాసీ లేచి నిలబడి, "మా అధ్యక్షులు ఈ ఆతిథ్యానికి కృతజ్ఞతలు తెలుపుతున్నారు" అన్నాడు. ఆయన అలా అన్నాడో లేదో ఆ దేవుడికే తెలియాలి. ఆ పిల్లకీ తెలుసు. ఆ పిల్ల నవ్వాపుకోలేక నీళ్ళు తాగింది.

వెళ్ళేటప్పుడు ముసలాయన ఉన్ని మేజోళ్ళు విప్పబోతే మార్లిస్ వద్దంది. ఆయన వంగి, మెల్లగా అన్నాడు: "నా జన్మలో ఇంత నెమ్మదిగా ఎప్పుడూ తినలేదమ్మా." ఆయనకి అక్కడ తరవాత ఏమైందో మాకు తెలియదు. తెలుసుకునే దారీ లేదు. ఆ మేజోళ్ళు ఇంకా తొడుక్కుంటున్నాడనే నేను అనుకుంటాను. కాదని చెప్పడానికి ఎవరూ రాలేదు.

కర్ట్ మాట తప్పే మనిషి కాదు. అన్నట్టే చేశాడు. గెస్ట్ హౌసుని ఆఫీసు చేస్తున్నామని, ఇక బృందాల భోజనాలన్నీ చెరువుగట్టున హోటల్లో జరుగుతాయని, మార్లిస్ చేసిన సేవ మరువలేనిదని చెప్పాడు. ఒక గాజు పలక కూడా ఇచ్చాడు. మార్లిస్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తలుపు దీనికి ఆగదు, పలచన" అంది.

"నేను ముందే చెప్పాను మార్లిస్ గారూ" అన్నాడు కర్ట్. ఈసారి ముందు తలుపున వచ్చాడు పాపం. కళ్ళు కిందికే ఉన్నాయి.

"చెప్పావురా. నేనూ విన్నాను. విని చేశాను. దానికి నువ్వు మొహం వేలాడెయ్యడం ఎందుకు? ఇల్లు మీది. బల్ల మాత్రం నాది. పక్క పట్టు."

వైస్ ప్రెసిడెంట్ గారు కోటు విప్పి పక్క పట్టారు. నేనొక మూల, ఆ పిల్లొక మూల పట్టాం. మంచులో పికప్పు ట్రక్కు ఎక్కించాం. అతని చేతికి చెక్క పేడు గుచ్చుకుంటే నేనే తీశాను. అయ్యో అని మాత్రం అనలేదు.

ముసలివాళ్ళ అపార్టుమెంట్లలో మార్లిస్‌కి గది దొరికింది. ఆ బల్ల పెట్టాక గదిలో మనిషి పట్టడానికి పక్కవాటుగా నడవాలి. మంచం బల్ల కిందికి సగం దూరింది. "అయితేనేం, పడుకుని చెయ్యి చాస్తే కేకు అందుతుంది" అంటుంది. ఆ పిల్ల ఆదివారాలు వస్తుంది. ఆ ఉప్పు అందించిన కుర్రాడూ వస్తాడు.

మొన్న నేను వెళ్ళాను. నాకు హోటల్ నుంచి కబురొచ్చిన సంగతి చెప్పడానికే వెళ్ళాను. వచ్చే వారం ఇంకేదో దేశం బృందం వస్తోందట, వాళ్ళ వంటవాళ్ళకి చెయ్యి సాయం కావాలట. కర్టే నా పేరు చెప్పాడట.

"పోనని చెప్పాను" అన్నాను. "నిన్ను గెంటినవాళ్ళ గడప నేను తొక్కను."

మార్లిస్ కాఫీ పోసింది.

"ఆ హాలు చూశాను నేను" అంది. "పెద్ద పెద్ద దీపాలు. గుండ్రటి బల్లలు. పెద్దాయన వెనక దుబాసీకి ఒక కుర్చీ, ముందొక మైకు. కంచం లేదు. నువ్వు వెళ్ళాలి."

"నేను వెళ్ళను. ఆ ఆరొందల దీపాల కింద నేను గరిటె పట్టుకుని నిలబడటమా? నా వల్ల కాదు."

"నువ్వు వెళ్తే మంచిది" అంది మళ్ళీ.

"నీకు రోషం లేకపోవచ్చు, నాకుంది" అన్నాను. "నేను గొడవలు పడగలను గాని, నీలాగా వైస్ ప్రెసిడెంటుని కూర్చోమనలేను. నా దగ్గరెవరు ఆదివారం బడి పాఠం చెప్పించుకున్నారు? నా మాట అక్కడ చెల్లదు."

లేచి కోటు అందుకున్నాను. ఆ బల్ల అడ్డం ఉన్న గదిలో కోపంగా లేచిపోవడం కూడా పక్కవాటుగానే చెయ్యాలి. మార్లిస్ నా కోటు కొస పట్టుకుంది. పట్టు ఇంకా ఆ పాత పట్టే.

"కూర్చో" అంది. "మూడోసారి అడుగుతున్నాను. వెళ్ళు. ముందు దుబాసీకి పెట్టు. ఎవరన్నా నోరు విప్పబోతే ఆ మైకు తీగ పీకి నీ ఏప్రన్ జేబులో వేసుకో. తినడం అయ్యేదాకా ఇవ్వకు."